గడ్డి వెనక్కి వెళ్ళదు

"ఇప్పుడు ఎక్కడున్నాం?" అని అడిగాను.

నాన్న పక్క సీట్లో కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. టోపీ మోకాళ్ళ మీద ఉంది.

"గాడిద మలుపు దాటాం. ఇంకో ఇరవై మీటర్లలో గోడలోంచి నీళ్ళు కారే చోటొస్తుంది. గేరు మార్చవే, ఇంజను ఏడుస్తోంది."

ఇరవై మీటర్లలో గోడలోంచి నీళ్ళు కారే చోటు వచ్చింది. నేను నోరు మూసుకుని గేరు మార్చాను.

అది మే నెల. అంతకు పది రోజుల ముందే కంటి డాక్టరు రాసిచ్చిన కాగితంతో నాన్న లైసెన్సు రద్దయింది. ఎడమ కన్ను పూర్తిగా పోయింది, కుడి కన్ను సగం. ఇటలీ కొండల్లోని మా శాంతెల్ ఊరి నుంచి కింద ఆవోస్తా పట్నానికి ముప్ఫై ఒక్క ఏళ్ళు బడి పిల్లల బండి నడిపిన సిప్రియన్ అంటే మా నాన్నే. పందొమ్మిది మలుపుల దారి అది. ఒక పక్క గోడ, ఒక పక్క లోయ. అన్నేళ్ళలో ఒక్క పిల్లకి మోచెయ్యి కూడా గీరుకోలేదు.

ఇక ఆ బండి ఎవరు నడపాలన్నది ఊరి సభ తేల్చాలి. పట్నంలోని ఒక బస్సు కంపెనీ నడుపుతానంది గానీ, కింద చిన్న గుడి దాకానే వస్తుందట. పైనున్న మా తొమ్మిది ఇళ్ళ పిల్లలు అక్కడిదాకా నాలుగు కిలోమీటర్లు మంచులో నడవాలి. అంటే పిల్లలున్నవాళ్ళు మొదట పట్నానికి దిగిపోతారు, వాళ్ళ వెనకే మిగతావాళ్ళు. పక్క లోయలో రెండు ఊళ్ళు సరిగ్గా ఇలాగే తాళాలు పడి పాడుబడ్డాయి. మా ఊరికి ఆ గతి పట్టడం నాకు బొత్తిగా ఇష్టం లేదు.

"బండి నేను నడుపుతాను" అన్నాను ఆ రాత్రి భోజనాల దగ్గర.

నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. పట్నంలో రొట్టెల కొట్టుకి వాన్ నడుపుతూనే పెద్ద బండి లైసెన్సు కూడా సంపాదించాను. మా అమ్మ డెల్ఫీనా మొక్కజొన్న పిండితో పొలెంతా కలుపుతున్న గరిటె ఆపకుండానే అంది: "ఈ ఇంట్లో మొండితనానికి కరువొచ్చిందా ఏం? ఒకాయన ఇప్పుడిప్పుడే మూల కూర్చున్నాడు, ఇంకొకతి బయల్దేరింది."

 నాన్న గిన్నె పక్కకి జరిపాడు.

"ముందు మన పాండా కారు తియ్యి. పట్నం అంతా తిరగాలి, చుట్టూ ఉన్న కొండలన్నీ ఎక్కాలి. దారులు నీ ఒంటికి పట్టాక బడి బండి ముట్టుకుందువు గాని. ఈలోగా దాని మీద చెయ్యి వేశావో, విరగ్గొడతా."

అలా మొదలైంది ఆ వేసవి. మా పాత పాండా కారుకి కుడి తలుపు బయటినుంచి తప్ప తెరుచుకోదు. రోజూ కొట్టు పని అవ్వగానే నాన్నని ఎక్కించుకుని తలుపు వేసేదాన్ని, దిగాలంటే నేనే తీసేదాన్ని. ముప్ఫై ఏళ్ళు పిల్లల్ని ఎక్కించి దించిన మనిషికి ఆ తలుపు దగ్గర నా కోసం ఆగడం ఎంత కష్టంగా ఉండేదో నాకు తెలుసు. తెలిసీ తెలియనట్టు ఈల వేసుకుంటూ తీసేదాన్ని.

మొదట పట్నం. రోమన్ల నాటి పెద్ద కమాను చుట్టూ బళ్ళు తిరిగే చోట నన్ను పన్నెండు సార్లు తిప్పించాడు. కాఫీ హోటలు ముందు కూర్చున్న ముసలివాళ్ళు వేళ్ళతో లెక్కపెట్టడం మొదలెట్టారు.

"ఏం సిప్రియన్, దారి తప్పావా?" అని అరిచాడొకడు.

"లేదురా, కమాను వదులైందట, బిగిస్తున్నాం!" అని అరిచాడు నాన్న.

మంగళవారం సంతలో కూరగాయల బుట్టల మధ్య నుంచి నడిపించాడు. రైలు స్టేషను వెనక ఒంటి దారి సందులన్నీ తిప్పాడు. జైలు బురుజు మూల మీద ఒక ముసలావిడ ఎటూ చూడకుండా రోడ్డు దాటుతుంటే నేను హారన్ కొట్టాను. నాన్న నా చేతి మీద ఒక్కటిచ్చాడు.

"పట్నంలో మనిషిని చూసి నడపాలి. హారన్ మలుపు కోసం, మనిషి కోసం కాదు."

జూన్‌లో కొండలు. పీలా మీదికి, కోఞ్ఞె లోయలోకి, గ్రాన్ సాన్ బెర్నార్దో కనుమ మీదికి. కనుమ దగ్గర రోడ్డుకి రెండు పక్కలా ఇంకా మంచు గోడలు నా ఎత్తున నిలబడి ఉన్నాయి. పైకి చేరేసరికి పొగమంచు దిగింది. బానెట్ కూడా కనిపించలేదు. బ్రేకు మీద కాలు వేశాను.

"అద్దం దించు" అన్నాడు నాన్న. "విను. గోడ దగ్గరగా ఉంటే ఇంజను చప్పుడు గట్టిగా తిరిగొస్తుంది. దూరమైతే పలచబడుతుంది. బొత్తిగా రాలేదనుకో..."

"రాకపోతే?"

"రాకపోతే అక్కడ గోడ లేదన్నమాట. ఆగు."

చలికి చెవులు మొద్దుబారాయి గానీ, ఆ గంటలో నేను నేర్చుకున్నంత అంతకుముందు ఆరేళ్ళలో నేర్చుకోలేదు. తర్వాత వారం ఎవరూ వాడని పాత రోడ్డు మీదికి తీసుకెళ్ళి, కారు అద్దాలకి తన ఉన్ని మేజోళ్ళు తొడిగాడు.

"ఇప్పుడు వెనక్కి తియ్యి. మలుపు దాటించి ఆ రాయి దాకా."

"అద్దాల్లేకుండానా? నీకు మతి ఉందా నాన్నా?"

"మంచు పడితే అద్దాల్లో ఏం కనిపిస్తుంది, నీ మొహమా? వెనక్కి తియ్యి."

నాలుగు సార్లు గోడకి రాసుకుంది. అయిదోసారి కోపంతో ఏడుపొచ్చింది. "ఏడువు. స్టీరింగు మాత్రం వదలకు" అన్నాడాయన, అదేదో మామూలు పాఠమైనట్టు. జూలై చివరికి పాండా వెనక భాగం నలిగిన డబ్బాలా తయారైంది గానీ, ఎటు పక్క గోడ ఎన్ని జానల దూరంలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలిగేదాన్ని.

అసలు చిక్కు వేరే ఉంది. సభలో ఏడుగురు. ముగ్గురు మా వైపు, ముగ్గురు కంపెనీ వైపు. ఏడో చెయ్యి అన్సెల్మోది.

అన్సెల్మో మా పై ఇంటాయన. నాన్నా ఆయనా ఒకే బెంచీ మీద చదువుకున్నారు. చిన్నప్పుడు నేను బాబాయ్ అని పిలిచి ఆయన భుజాలెక్కినదాన్నే. పదకొండేళ్ళుగా మా రెండిళ్ళకీ మాటల్లేవు. ఆయన మనవరాళ్ళిద్దరూ మా బండెక్కరు. పొద్దున్నే ఆయనే తన కార్లో దింపి వస్తాడు.

ఇదంతా గడ్డి గురించే. మా లోయలో ఒక పద్ధతుంది. ఇరుకు దారిలో గడ్డి బండి ఎదురైతే, ఎదురొచ్చినవాడు ఎవడైనా సరే వెనక్కి తీస్తాడు. రోడ్డు నియమాల పుస్తకం ప్రకారం పైకి వెళ్ళే బండికే హక్కు, దిగేవాడే వెనక్కి పోవాలి. కానీ నిండుగా కట్టిన గడ్డి బండి వెనక్కి పోతే ఒరుగుతుంది, వాన వస్తే తడుస్తుంది, తడిస్తే చలికాలం ఆవులేం తింటాయి? అందుకే 'గడ్డి వెనక్కి వెళ్ళదు' అంటారు మావాళ్ళు. పదకొండేళ్ళ కిందట రెండో కోత రోజుల్లో ఖాళీ బండితో పైకి వస్తున్న నాన్నకి, గడ్డితో దిగుతున్న అన్సెల్మో ఎదురయ్యాడు. ఏ కారణానో ఆ రోజు నాన్న కదల్లేదు. ఆయనా కదల్లేదు. ఇద్దరూ ఇంజన్లు ఆపేసి చేతులు కట్టుకుని మూడు గంటలు కూర్చున్నారు. అప్పుడు వాన కొట్టింది. ఆ గడ్డంతా బూజు పట్టిపోయింది. ఆ చలికాలం అన్సెల్మో రెండు ఆవుల్ని అమ్ముకున్నాడు. అందులో ఒకటి ఆవుల పోటీలో గెలిచి మెడకి పెద్ద గంట తెచ్చుకున్న ఆవు.

"నాకు హక్కుంది" అనేవాడు నాన్న, ఆ మాట ఎప్పుడొచ్చినా.

"ఉంటే సూపులో వేసుకుని తాగు" అనేది అమ్మ.

ఆగస్టులో ఒక పొద్దున్న ఊరి నీళ్ళ తొట్టి దగ్గర బకెట్టు నింపుకుంటుంటే అన్సెల్మో కొడవలి కడుక్కోడానికి వచ్చాడు. నా వైపు చూడకుండా నీళ్ళతో మాట్లాడినట్టు అన్నాడు:

"సిప్రియన్ కూతురికి బండి నేర్పుతున్నాడట. ముందుకి నడపడం బాగానే నేర్పుతాడు."

"వెనక్కి కూడా నేర్పాడు" అన్నాను.

"వెనక్కా? అది ఆయనకే రాదే!"

నాకు ఒళ్ళు మండింది. "మీ ట్రాక్టరుకి కూడా ఆ గేరు లేదని విన్నాను లెండి."

ఆయన మీసం కదిలినట్టే అనిపించింది. కొడవలి దులుపుకుని వెళ్ళిపోయాడు. ఇంటికొచ్చి అమ్మకి చెబితే, "బాగుంది! ఉన్న ఒక్క చెయ్యినీ నువ్వే విరిచి వచ్చావు" అంది.

బడి బండి పరీక్ష ఆగస్టు ఆఖరి గురువారం పెట్టారు. పట్నం కమాను దగ్గర మొదలై శాంతెల్ దాకా, మళ్ళీ వెనక్కి. పరీక్ష చేసే ఆయన రాసిన కాగితం సభలో చదువుతారు. కాగితం బాగుంటే అన్సెల్మో చెయ్యి లేకపోయినా అటువైపు ముగ్గురిలో ఒకరు మెత్తబడొచ్చని మేయరమ్మ ఫెర్నాండా చెప్పింది. కాగితం బాగోకపోతే మా ముగ్గురు కూడా తలలు దించుకుంటారని చెప్పలేదు గానీ, అది మాకు తెలుసు.

ముందు రోజు నాన్న నా చొక్కా చెయ్యి పట్టుకున్నాడు.

"రేపు దారిలో ఏం ఎదురైనా సరే, పుస్తకంలో ఉన్నట్టే చెయ్యి. నీకు హక్కున్న చోట కదలకు. నా మీద ఒట్టు."

ఒట్టు వేశాను.

పరీక్ష చేసే గిసొల్ఫి గారు మైదానం నుంచి వచ్చిన మనిషి. ఇస్త్రీ కోటు, ఒళ్ళో అట్ట, మూడు పెన్నులు. ఎక్కగానే చెప్పేశాడు: "ఒక్క విషయం గుర్తుంచుకోండి. పిల్లల బండి కొండ దారిలో వెనక్కి వెళ్ళకూడదు. ఖాళీగా ఉన్నా సరే, పిల్లలున్నట్టే లెక్క."

"సరే సార్."

కమాను చుట్టూ వెన్నలా తిరిగాను. సంత వీధి, స్టేషను, వంతెన అన్నీ దాటాను. కొండ ఎక్కడం మొదలెట్టాను. ప్రతి మలుపుకీ రెండు హారన్లు. గిసొల్ఫి గారు గీతలు గీస్తున్నాడు, అన్నీ మంచి గీతలే అని నాకు ఓరకంట కనిపిస్తోంది. పన్నెండో మలుపు దగ్గర ఎమిలియస్ కొండ వైపు చూశాను. శిఖరం లేదు. నల్లటి మబ్బు మింగేసింది. అర గంటలో వాన.

పదమూడో మలుపు తిరిగాను. ఎదురుగా రోడ్డంతా నిండిపోయి గడ్డి. దాని ముందు ట్రాక్టరు మీద అన్సెల్మో.

ఆగాను. ఆయనా ఆగాడు. బండి ఒదిగే చోటు ఆయన వెనక యాభై మీటర్లలోనే ఉంది. నా వెనక అలాంటి చోటు మూడు వందల మీటర్ల కింద, మధ్యలో రెండు మలుపులు. ఆయన నా బండి మీది 'శాంతెల్' అక్షరాలు చూశాడు, నన్ను చూశాడు. ఇంజను ఆపి చేతులు కట్టుకున్నాడు.

"మీదే హక్కు" అన్నాడు గిసొల్ఫి గారు. "హారన్ కొట్టండి. ఆయన వెనక్కి తీస్తాడు."

"తియ్యడు సార్."

"అయితే ఆగుదాం. టైము మీ లెక్కలోంచి పోదు."

నాన్నకి వేసిన ఒట్టు గుర్తొచ్చింది. తొమ్మిది ఇళ్ళు గుర్తొచ్చాయి. కదలకుండా కూర్చుంటే చాలు, కాగితం నాది. అంత తేలిక. అద్దం మీద ఒక్క చినుకు పడింది, ఇంత పెద్దది. నాకు పదమూడేళ్ళప్పుడు ఆ ఇంటి పెరట్లో బూజు పట్టిన గడ్డిని పారలతో గోతిలోకి తోస్తుంటే గోడ మీంచి చూశాను. ఆ వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. అప్పుడు నేను ఏడిస్తే నాన్న నన్ను లోపలికి పొమ్మన్నాడు.

రివర్స్ గేరు వేశాను.

"ఏం చేస్తున్నారు?"

"గడ్డి సార్. వాన వస్తోంది."

"నేను చెప్పానా లేదా..."

"చెప్పారు సార్. రాసుకోండి."

నా పక్క అద్దం దించి తల బయట పెట్టాను. గోడ చప్పుడు దగ్గరగా, నిలకడగా తిరిగొస్తోంది. మొదటి మలుపు దాకా బాగానే వచ్చాను. మలుపు తిరగ్గానే గోడ అటు పక్కకి మారింది.

"సార్, మీ అద్దం దించండి."

"నేనా?"

"త్వరగా! నాకు గోడ వినపడాలి."

ఆయన మారుమాట లేకుండా హ్యాండిలు తిప్పాడు. చలిగాలికి ఒళ్ళోని కాగితాలు ఎగిరితే రెండు చేతులా పట్టుకున్నాడు. నెమ్మదిగా, ఇంకా నెమ్మదిగా, రెండో మలుపు. చప్పుడు పలచబడ్డ చోట ఆగాను, సరిచేశాను, మళ్ళీ కదిలాను. బండిని ఆ ఖాళీ చోట గోడకి జానెడు దూరంలో నిలబెట్టేసరికి వీపు తడిసిపోయింది.

అన్సెల్మో ట్రాక్టరు మా పక్కనుంచి దిగింది. తల తిప్పలేదు. స్టీరింగు మీంచి రెండు వేళ్ళు మాత్రం లేచాయి. గడ్డి మా కిటికీని రాసుకుంటూ పోయింది. గిసొల్ఫి గారి కోటు భుజం మీద నాలుగు పోచలు మిగిలాయి. ఆయన దులుపుకోలేదు. చాలాసేపు రాస్తూ కూర్చున్నాడు.

నాన్న గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. బయట వాన దంచుతోంది.

"అయిందా?"

"వెనక్కి తీశాను నాన్నా."

"ఒట్టు వేశావు కదే!" అని అరిచాడు. "ఎవడి కోసం?"

"అన్సెల్మో బాబాయి గడ్డి ఎదురైంది."

పదకొండేళ్ళలో మా ఇంట్లో ఆ పేరుకి బాబాయి అని తగిలించడం అదే మొదటిసారి. అమ్మ గరిటె ఆగిపోయింది. నాన్న గోడ తడుముకుంటూ బల్ల దగ్గర కూర్చున్నాడు.

"ఎంత దూరం?"

"మూడు వందల మీటర్లు. రెండు మలుపులు."

"గోడ?"

"తగల్లేదు."

 ఆయన చాలా చిన్న గొంతుతో అన్నాడు:

"ఆ రోజు నా వెనక ఒదిగే చోటుకి నలభై మీటర్లే ఉన్నాయే."

 అమ్మ ఆయన ముందు పొలెంతా పెట్టి, మీద వెన్న వేసింది.

సభ ఆదివారం పూజ అయ్యాక, ఊళ్ళో మూతపడ్డ పాత బడి గదిలో జరిగింది. ఊరంతా చిన్నపిల్లల బెంచీల్లో మోకాళ్ళు ఇరికించుకుని కూర్చుంది. మేయరమ్మ ఫెర్నాండా కళ్ళజోడు పెట్టుకుని కాగితం చదివింది. పట్నంలో నడపడం చాలా బాగుంది. మలుపుల్లో జాగ్రత్త చాలా బాగుంది. అయితే తనకే హక్కున్నా, ముందుగా హెచ్చరించినా, అభ్యర్థి బండిని మూడు వందల మీటర్లు వెనక్కి నడిపింది. ఇది నిబంధనకి విరుద్ధం.

మా ముగ్గురిలో ఒకాయన అప్పుడే బూట్ల వైపు చూసుకుంటున్నాడు. నాకు ఏడుపు రాలేదు. మళ్ళీ అదే దారిలో అదే గడ్డి ఎదురైతే మళ్ళీ వెనక్కే తీస్తానని మాత్రం లోపల గట్టిగా అనుకున్నాను.

"ఇంకో వాక్యం ఉంది" అంది ఫెర్నాండా. "'నేను చూసినంతలో ఇంత బాగా వెనక్కి నడిపినవాళ్ళు ఇంకొకరు లేరని కూడా నమోదు చేస్తున్నాను.'"

ఎవరో వెనక కిసుక్కుమన్నారు. బూట్లు చూసుకుంటున్నాయన తలెత్తాడు.

"సరే, సిప్రియన్ కూతురు ఇవెట్‌కి బండి ఇవ్వాలన్నవాళ్ళు చేతులెత్తండి."

మూడు చేతులు లేచాయి. అన్సెల్మో చెయ్యి కూడా లేచింది గానీ, చెవి దాకా వచ్చి ఆగింది. 

"అన్సెల్మో, అది ఓటా?" అంది ఫెర్నాండా.

"కాదు. ఈగ."

"ఈగ వెళ్ళిపోయింది."

"చూశాను." చెయ్యి మాత్రం దించలేదు. "ఏం చూస్తున్నావు ఫెర్నాండా, లెక్కపెట్టడం రాదా? ముసలాణ్ణి, భుజం నొప్పెడుతోంది."

ఆయన బయటికి వెళ్తుంటే, తలుపు దగ్గర నిలబడ్డ నాన్న పక్కకి జరిగి దారిచ్చాడు. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. మా మగాళ్ళ సంగతి అంతే, అని అమ్మ విసుక్కుంది.

సెప్టెంబరులో బడి తెరిచిన రోజు ఏడింటికి బండి తీశాను. పై ఇంటి దగ్గర సంచులు తగిలించుకుని ఇద్దరు పిల్లలు నిలబడి ఉన్నారు. వాళ్ళ వెనక అన్సెల్మో. పిల్లలెక్కారు. ఆయన నా కిటికీ దగ్గరికొచ్చి, కోటు జేబులోంచి గుప్పెడు గడ్డి తీసి నా చేతిలో పెట్టాడు.

"ఇది సిప్రియన్‌కి ఇవ్వు. చూడలేడుగా, వాసన చూడమను."

"బాబాయ్, మీరే ఇవ్వొచ్చు కదా?"

"నువ్వు బండి చూసుకో అమ్మాయ్. అయిదు నిమిషాలు లేటు."

పిల్లల్ని దింపి వచ్చేసరికి నాన్న పాండాలో కూర్చుని ఉన్నాడు. తలుపు తీసి ఆ గుప్పెడు గడ్డి ఆయన చేతిలో పెట్టాను. ఎవరిచ్చారో చెప్పలేదు. ఆయన వేళ్ళతో నలిపాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. 

"రెండో కోత" అన్నాడు.

"ఊఁ."

"తడవలేదు" అన్నాడు. చెయ్యి చాపి, "పట్టుకో, పై ఇంటిదాకా నడవాలి" అన్నాడు.